తాతగారి ఇటుక గోడ

ముందుగదిలో ఆ ఎర్ర ఇటుక గోడ ఉన్నంతకాలం తన కళ్లకు సుఖం లేదని టైలరమ్మకు ఎప్పుడో అర్థమైంది. ఆమె కుట్టుమిషను ఆ గోడ ముందే ఉంది. ఇంట్లో మరో చోటు లేదు. గోడ ముదురు ఎరుపు ఉన్న కాస్త వెలుతురునూ మింగేసేది. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకుని, నల్ల బట్ట మీద నల్ల దారం వెతుక్కుంటూ కుట్టేది. కళ్లడాక్టరు అద్దాలు మార్చి మార్చి విసిగిపోయి, ఇక గదిలో వెలుతురు మార్చుకోమన్నాడు. గోడకు తెల్లరంగు వేద్దామంటే మాత్రం మొగుడు ఇంతెత్తున లేచేవాడు.

"మా తాత ఒక్కో ఇటుకా తన చేత్తో పేర్చాడే! దాని మీద రంగు కొడతావా?"

ఇంటికి ఎవరొచ్చినా, కరెంటు మీటరు చూసేవాడితో సహా, నిలబెట్టి ఆ గోడ చరిత్ర వినిపించందే పంపేవాడు కాదు. కానీ ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. చేతి చెమటకు ఇటుక అరిగిపోతుందట. తనూ ముట్టుకునేవాడు కాదు. భక్తి అంటే అంత భక్తి.

ఆమె పోరగా పోరగా, దుమ్ము తుడవడానికి మాత్రం దయతలిచాడు. సబ్బునీళ్లలో గుడ్డ ముంచి ఓ మూల రుద్దిందో లేదో, ఇటుక మొత్తం గుడ్డకు అంటుకుని వచ్చేసింది. ఇంకాస్త రుద్దితే పక్క ఇటుక కూడా, మధ్యలోని సిమెంటు గీతతో సహా చెరిగిపోయి, కింద నున్నటి గోడ బయటపడింది.

ఆమె కేకకు మొగుడు పరుగెత్తుకొచ్చి, జన్మలో మొదటిసారి ఆ గోడను తడిమి చూశాడు. ముఖం మాడిపోయింది.

"ఎందుకురా అంత కంగారు?" అంటూ అత్తగారు పక్కగదిలోంచి వచ్చింది. "మా మామగారు ఇటుక ఎప్పుడు పట్టారని? దుకాణాలకు బోర్డులు రాసేవారు. గోడ మరీ బోసిగా ఉందని ఇటుకలు గీశారు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?"

"నువ్వంత ముచ్చటగా చెబుతుంటే కాదనడం దేనికని."

అతను అంతలోనే తేరుకున్నాడు. ఇలాంటివాళ్లు తేరుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

"అంటే మా తాత గొప్ప కళాకారుడన్నమాట! ఇటుకలైతే ఎవరైనా పేరుస్తారు. ఇక ఈ గోడ జోలికి అసలే రాకు!"

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. మంచం కింద దాచిన తెల్లరంగు డబ్బా లాగి, మూత ఊడదీసి, బ్రష్షు ముంచింది.

"నేనూ తాతగారి దారిలోనే పోతున్నానండీ," అంది. "ఆయన గోడకు రంగేశారు. నేనూ రంగేస్తున్నాను."

అత్తగారు కిసుక్కున నవ్వి, మిషను మీద పాత దుప్పటి కప్పింది.