ఆవణి తేదీకి సంతకం

కాంట్రాక్టరుగారి తుడియలూరు ఆఫీసులో, పని ఎన్నాళ్లకు తెములుతుందో లెక్కకట్టే ఇంజనీరు ఇందుజ ఒకే భవనాన్ని కంప్యూటరులో వేలసార్లు కట్టించింది. ఒకసారి వాన పట్టుకుంది, ఒకసారి సిమెంటు రాలేదు, ఒకసారి మేస్త్రీలే రాలేదు. తిరుప్పూరు బనియన్ల కంపెనీలో పనిచేసే ఆడపిల్లల హాస్టలు అది. తమిళ నెల ఆడి పోయి, వాళ్లు దిగాల్సిన ఆవణి నెల పుట్టేసరికి పూర్తయ్యేది పదింట రెండుసార్లే. తక్కిన ఎనిమిదిసార్లూ ఆ పిల్లలు పచ్చి గోడల మధ్య, వైర్లు వేలాడే గదుల్లో పడుకోవాల్సిందే.

ఆ లెక్క చూసి కాంట్రాక్టరు సుందరమూర్తి గది తలుపు దగ్గరికి వేశాడు. ఒప్పందం రాయించుకోడానికి వచ్చిన కంపెనీ యజమాని అప్పసామి అప్పటికే పక్కగదిలో కాఫీ తాగుతున్నాడు.

"లెక్కలోంచి వాన తీసెయ్," అన్నాడు సుందరమూర్తి. "ఆడి నోంబి పండగ లీవూ తీసెయ్. తేదీ వస్తాది గదా? కింద నీ సంతకం పెట్టు. లేదంటే రేపు రావద్దు."

ఇందుజకు ఒళ్లు మండింది. భయమూ వేసింది, ఉద్యోగమంటే మాటలా! అయినా లాప్‌టాప్ చంకన పెట్టుకుని నేరుగా పక్కగదిలోకి నడిచింది. వెనకే సుందరమూర్తి ఉరుకులు పరుగులు.

అప్పసామి ఎదుటే ఆమె వాన తీసేసింది, పండగ సెలవులు తీసేసింది. ఆవణి తేదీ బుద్ధిగా వచ్చి కూర్చుంది.

"చూడండయ్యా, ఆడి నోంబికి గూడా పని నిలవదంట. మన పనికొచ్చే కరుప్పన్ మేస్త్రీ, ఆయన ఆళ్లంతా వస్తారంట."

అప్పసామి గ్లాసు కింద పెట్టాడు. "కరుప్పన్ మా ఊరోడు! ఆడి నోంబికి మారియమ్మ పేర కాప్పు కంకణం కట్టినాక మా ఊర్లో ఎవురూ ఊరి ఎల్ల దాటరు. నేనే దాటను. వాడెట్ల వస్తాడు?"

"సర్దుకోవచ్చులేండి..." సుందరమూర్తి నసిగాడు.

అప్పసామి ఇందుజ వైపు తిరిగాడు. "పిల్లలకు ఆవణి అని మాటిచ్చినా. ముగుస్తాదా, లేదా?"

"ఇంకో రెండు నెలలు, పెరట్టాసి ఆఖరు అంటే నేను సంతకం పెడతా," అంది ఇందుజ. "ఆవణికి నా పేరు పెట్టను. పని పోతే పోనీ." ఒప్పంద కాగితం, పెన్నూ సుందరమూర్తి ముందుకు తోసింది. "ఆవణి అన్నది మీరు. మీరే పెట్టండి సార్."

సుందరమూర్తి పెన్ను ముట్టలేదు. అప్పసామి కాగితాన్ని ఇందుజ వైపు తిప్పాడు.

"నీ తేదీ రాయి కన్నూ. పిల్లలకు నేను చెప్పుకుంటా."

ఆమె రాసింది, కింద పూర్తి పేరు పెట్టింది. అప్పసామి కారెక్కగానే సుందరమూర్తి పళ్లు కొరికాడు.

"రేపు రావద్దని చెప్తి గదా!"

"ఎందుకు రాను సార్? ఆ తేదీ కింద ఉండేది నా పేరు."