చెవుల్లేని ముక్కలు

కోత అక్కది, కుట్టు చెల్లెలిది. ఆ ఇంట్లో అది ఎవరూ రాయని చట్టం. ఇస్త్రీ దుకాణం పైన రెండు గదులు, ముందు గదిలో కిటికీ పక్కన పెద్ద బల్ల. బల్లకి అటువైపు కత్తెర, ఇటువైపు కుట్టు మిషను. చెల్లెలు మొగుడు పోయి అక్క దగ్గరికి చేరిన నాటి నుంచీ ఇద్దరూ ఆ బల్లకి చెరో వైపు కూర్చుని ముక్కల బొంతలు కుడుతూనే ఉన్నారు. చెల్లెలి కత్తెర దారాలు తెంపడానికే. గుడ్డ మీద పెట్టబోతే అక్క ఒక్క చూపు చూసేది. ఆ చూపుకి కత్తెర దానంతటదే ముడుచుకునేది.

అక్క సొరుగు నిండా కొలబద్దలే. పొడుగు చెక్క బద్ద, మూల చూసుకునే ఇనప బద్ద, వంకర గీతల కోసం అట్టలు, ఆరు కొమ్మల నక్షత్రానికొక అచ్చు, ఎనిమిది కొమ్మలకొకటి. కింద ఇస్త్రీ చేసే ఆయన అక్కకి "బద్దల దొరసాని" అని పేరు పెట్టాడు. ఆ పేరు విని అక్క కోప్పడలేదు. "బద్ద లేని బతుకు కంటే నయమే కదరా" అంది.

ఆ అచ్చులన్నిటిలోకీ అక్కకి ప్రాణం రేకుది. అరచేతిలో ఇమిడే డైమండు ఆకారం. పని మొదలుపెట్టిన కొత్తలో బిస్కట్ల డబ్బా మూత కత్తిరించి, అంచులు సానరాయి మీద అరగదీసి, తనే చేసుకుంది. మొనలు ఎంత వాడిగా ఉండేవంటే జేబులో వేసుకుంటే జేబుకి చిల్లి పడేది.

ఆ ఏడాది పళ్ళ డాక్టరమ్మ తన ఆస్పత్రి గోడకి వేలాడదీయడానికి పెద్ద నక్షత్రం బొంత అడిగింది. ఎనిమిది కొమ్మలు, కొమ్మకొమ్మకీ చిన్న చిన్న డైమండు ముక్కలు. నడుమ తేనె రంగు, వరస వరసకీ ముదురుతూ పోయి చివర నల్లటి ఊదా. ఇలాంటి నక్షత్రం మహా పెంకి ఘటం. ఒక్క ముక్క వెంట్రుకవాసి తేడాగా ఉన్నా పక్క ముక్క మీదికి నెట్టేస్తుంది. అది దాని పక్కదాన్ని నెడుతుంది. చివరికి బొంత పరుపు మీద పడుకోదు, లేచి కూర్చుంటుంది.

అయిదో వరస దగ్గర అది లేచి కూర్చుంది.

చెల్లెలు ముందు తననే అనుమానించుకుంది. సూది మార్చింది, గుడ్డని అదిమిపట్టే మిషను పాదం బిగించింది, కుట్టిన వరస ఊడదీసి మళ్ళీ కుట్టింది. పక్క వరస కంటే ఈ వరస చిటికెన వేలి గోరంత పొడుగొస్తోంది. మొనకి మొన కలవడం లేదు.

"అక్కా, ఈ ముక్కలు కొంచెం పెద్దవొచ్చాయేమో చూస్తావా?"

అక్క తల ఎత్తలేదు. "ఆడలేక మద్దెల ఓడందిట. గుడ్డ సాగదీసి కుడతావు, కోత వంకర అంటావు. నీ చెయ్యి బరువే, మొదట్నుంచీ అంతే."

"సాగదీయలేదక్కా."

"మరి ముక్కలకి రాత్రికి రాత్రి కండ పట్టిందంటావా?"

చెల్లెలు నవ్వింది. అక్క నవ్వించాలనుకుంటే నవ్వకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. నవ్వుతూనే, బల్ల మీద దారానికి గుచ్చి ఉన్న ముక్కల దండ కేసి చూసింది.

అక్కకో అలవాటు ఉంది. కోసిన ముక్కని కోసిన వరసలోనే సూదితో దారానికి గుచ్చేస్తుంది. చిందరవందర కావు, లెక్క తప్పదు. ఆ మధ్యాహ్నం అక్క లోపలి గదిలో కునుకు తీస్తుండగా చెల్లెలు ఆ దారం ముడి విప్పింది. ముందు కోసిన ముక్క ఒకటి, తర్వాతది ఒకటి, ఆ తర్వాతది ఒకటి, ఒకదాని మీద ఒకటి మొన కలిపి పేర్చింది.

మెట్లు కట్టాయి. కింది ముక్క కంటే పై ముక్క సుద్ద గీత మందాన పెద్దది. దాని కంటే ఆ పైది. ఒక్కొక్క జతే చూస్తే తేడా కనపడదు. మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెడితే ఒకటి తల్లి, ఇంకొకటి పిల్ల.

చెల్లెలికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ముక్క మీద ముక్క పెట్టి గీస్తే జరిగేది ఇదే. గీత ఎప్పుడూ ముక్కకి బయటే పడుతుంది. దాని మీద కోసిన ముక్క ఆ గీతంత పెరుగుతుంది. దాన్ని పెట్టి ఇంకోటి గీస్తే ఇంకో గీతంత. "కోసిన ముక్కని అచ్చుగా వాడితే చేతులు విరగ్గొడతాను" అని తనకి మొట్టమొదట చెప్పింది అక్కే.

సొరుగు చప్పుడు కాకుండా లాగింది. బద్దలన్నీ ఉన్నాయి. రేకు లేదు.

అది పోయిందని అక్క చెప్పలేదు. చెప్పకపోవడమే చెల్లెలి గుండెల్లో రాయి పడేసింది. ఈ మధ్య అక్క పొయ్యి మీద నీళ్ళు పెట్టి మర్చిపోవడం, ఇస్త్రీ ఆయన్ని ఆయన తండ్రి పేరుతో పిలవడం, ఇవన్నీ వయసు మీద తోసేసి సర్దుకుంది. కోతని దేని మీద తొయ్యాలి? అక్కకి వంట రాదు, కుట్టు పడదు, నలుగురిలో కూర్చుని మాట్లాడడం చేతకాదు. కత్తెర తీసేస్తే బల్లకి అటువైపు ఏముంటుంది?

మర్నాడు గుండీలు కావాలన్న వంకతో అక్కని కుట్టు సామాన్ల కొట్టుకి తీసుకెళ్ళింది. కొట్టాయన కొత్తగా వచ్చిన ప్లాస్టిక్ బద్దలూ అచ్చులూ బల్ల మీద పరిచాడు. అద్దంలా అవతలిది కనిపిస్తోంది, సన్నటి ఎర్ర గీతలు గీసి ఉన్నాయి. అక్క కళ్ళు మెరిశాయి. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది.

"ఇది ఆరు కొమ్మలకి. కడుపు లావు, చూడు. ఎనిమిదికి ఇంత లావు పనికిరాదు, కుచ్చిళ్ళు లేస్తాయి. ఇదిగో, ఇది మనది." కొలవకుండానే సరైనది తీసింది. చెల్లెలి మనసు ఒక్క క్షణం తేలికపడింది. మరుక్షణం అక్క దాన్ని వెలుగుకి ఎత్తి మొహం చిట్లించింది. "దీని మొనలు ఏమయ్యాయి? ఎలక కొరికిందా?"

"కావాలనే నరికారమ్మా," అన్నాడు కొట్టాయన. "మొనలుంటే కుట్టాక వెనకవైపు చెవుల్లా పొడుచుకొస్తాయి కదా. తర్వాత కూర్చుని కత్తిరించుకోవాలి. ఇప్పుడా బాధ లేదు."

"ఆ చెవులు కత్తిరించేది నేను. నాకు లేని బాధ నీకెందుకయ్యా? కందకి లేని దురద కత్తిపీటకా?"

కొట్లో వాళ్ళు నవ్వారు. కొట్టాయన చేతులు జోడించాడు.

"తీసుకుందాం అక్కా. గీతలు బాగా కనపడతాయి," అంది చెల్లెలు మెల్లగా.

"నాకు కనపడట్లేదని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. మన రేకు పాతదైంది కదా అని."

అక్క చేతిలోని అచ్చు బల్ల మీద పెట్టేసింది. "సొరుగులో ఉంది రేకు. ఎక్కడికి పోతుంది?" అంది. చెల్లెలి మొహం కేసి చూడకుండా, గుండీల డబ్బా కేసి చూస్తూ అంది.

గుండీలు తక్కువొచ్చాయని చెల్లెలు సాయంత్రం ఒక్కతే వెళ్ళి ఆ అచ్చు కొనుక్కొచ్చింది.

రేకు కూడా దొరికింది. దారం చుట్టే బాబిన్ జారి మిషను కిందికి దొర్లితే వంగి వెతికింది. మిషను వెనక కాలి కింద, రెండు మడతలు పెట్టి, సుత్తితో అణిచి, నేలకి ఒత్తుకుని ఉంది. ఆ మధ్య వానాకాలంలో గచ్చు పెచ్చులూడి మిషను ఊగుతోందని తను విసుక్కుంది. ఒకరోజు వచ్చేసరికి ఊగడం ఆగిపోయింది. "నేనే సర్దాన్లే, ఇంక ఏడవకు" అంది అక్క. తను సంబరపడింది కూడా.

చెల్లెలు నేల మీద అలాగే చతికిలబడింది. దాన్ని తీసి ఏం చెయ్యాలి? మడతలు పడ్డ రేకు మళ్ళీ అచ్చు కాదు. చూపిస్తే అక్క అడుగుతుంది, ఎవరు పెట్టారని. మింగలేదు, కక్కలేదు. చివరికి బాబిన్ తీసుకుని లేచింది. రేకుని దాని చోటనే వదిలేసింది.

చెల్లెలు అయిదో వరస మళ్ళీ ఊడదీసింది. ఆనాటి నుంచి అక్క కునుకు తీసే వేళ చెల్లెలు ముక్కల దండ కొంగు కింద పెట్టుకుని మెట్లు దిగేది. ఇస్త్రీ ఆయన తన బల్ల మీద ఓ మూల ఖాళీ చేసి ఇచ్చాడు. ముక్క మీద ప్లాస్టిక్ అచ్చు పెట్టి, చుట్టూ మిగిలిన సన్నటి అంచు కోసేసేది. ఇన్నేళ్ళలో గుడ్డ మీద కత్తెర పెట్టడం అదే మొదలు.

"ఏంటమ్మా ఈ దొంగతనం?" అన్నాడు ఇస్త్రీ ఆయన పెట్టెలోకి బొగ్గులు ఎగదోస్తూ. "దొరసానికి తెలిస్తే నిన్నూ నన్నూ కలిపి కుట్టేస్తుంది."

"తెలియకూడదనే కదా ఇక్కడికొచ్చింది."

"ఎన్నాళ్ళని?"

ఆమె ముక్కలు మళ్ళీ దారానికి గుచ్చడం మొదలుపెట్టింది. కోసిన పోగుల్ని చెత్తబుట్టలో వెయ్యబుద్ధి కాలేదు. ఊదా రంగు నూలు ముక్కలు, గోళ్ళు తీసినట్టు, కుప్పగా. చివరికి ఆయనే ఊడ్చేశాడు.

పైన మాత్రం నక్షత్రం మాట విన్నది. వరస తర్వాత వరస మొనకి మొన కలిసింది. కొమ్మలు ఎనిమిదీ జతపడ్డాయి. అన్నీ కలిపి పరుపు మీద పరిచిన రోజు అది ఎక్కడా లేవలేదు, ముడత పడలేదు. చదును చేసిన నేలలా పడుకుంది.

అక్క చుట్టూ తిరిగి చూసింది. మంచానికి నాలుగు వైపులా నిలబడి చూసింది. నడుమ ఎనిమిది మొనలు కలిసిన చోట వేలు పెట్టి, "సూది మొన పట్టే సందు లేదు చూశావా?" అంది. "కోత అంటే అదీ. కుట్టేవాళ్ళు ఎంత బరువు చేతులవాళ్ళైనా కోత నిలబెడుతుంది. ముక్కలు పెద్దవయ్యాయిట! ఇప్పుడు చెప్పు."

"నీ కోతే అక్కా," అంది చెల్లెలు. జీవితంలో మొదటిసారి తన కోతని ఒకరు మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎదురుగా ఉన్న మనిషి ఖాతాలోకి పోతుంటే, పోనీ అనుకుంది. పోవడానికే కదా ఇదంతా చేసింది.

"తిప్పు. చెవులు తీసేస్తాను," అంది అక్క.

చెల్లెలు ఇన్ని జాగ్రత్తలు తీసుకుంది, ఇది మరిచిపోయింది. బొంత పైభాగం కుట్టడం అయ్యాక దాన్ని వెనక్కి తిప్పి, కుట్ల చివర పొడుచుకొచ్చిన చెవులు చిన్న కత్తెరతో తీసేయడం ఎప్పుడూ అక్క పనే. ఆ పని అయ్యాకే బొంత అయినట్టు.

"రేపు చూద్దాంలే అక్కా, కళ్ళు అలిసిపోతాయి."

"కళ్ళెందుకే దీనికి? వేళ్ళు చాలు."

కిటికీ దగ్గర కూర్చుని ఒళ్ళో పరుచుకుంది. నడుమ నుంచి మొదలుపెట్టింది. ఎడమచేతి బొటనవేలితో చెవి వెతకడం, కుడిచేత్తో కత్తిరించడం. కిచ్, కిచ్. చిన్న చిన్న తేనె రంగు మొనలు ఒళ్ళోకి రాలుతున్నాయి. మొదటి వరస. రెండో వరస. మూడు. నాలుగు. చెల్లెలు మిషను దగ్గర కూర్చుని, కుట్టడానికి ఏమీ లేకపోయినా మిషను పాదం ఎత్తుతూ దించుతూ ఉంది.

కత్తెర చప్పుడు ఆగింది.

అక్క బొటనవేలు అయిదో వరస కుట్టు మీద ముందుకి పోయింది, వెనక్కొచ్చింది. పక్క కుట్టుకి పోయింది. ఆ పక్కదానికి. అంచు దాకా తడుముకుంటూ వెళ్ళింది.

"చెవులేవే?"

"నేను తీసేశానక్కా. కుడుతూ కుడుతూనే."

"అన్నిటికీనా?"

"ఆఁ."

"మరి నడిమివాటికెందుకు తియ్యలేదు?"

కింద ఇస్త్రీ పెట్టె బల్లకి తగిలిన చప్పుడు వినిపించింది. అక్క బొంతని కిటికీ వెలుగులోకి లాక్కుని ఒక కుట్టు దగ్గరగా చూసింది. మొన నరికిన ముక్కలు. ఎలక కొరికినట్టు. మళ్ళీ వేలు నాలుగో వరస మీదికి తెచ్చింది, అక్కణ్ణుంచి అయిదో వరస మీదికి జరిపింది. ఆ రెంటి మధ్య కుట్టు మీద ఆపింది.

"ఇక్కణ్ణుంచా?" అంది.

చెల్లెలు తల ఊపింది. అక్క చూడలేదు, అందుకని నోటితో చెప్పాల్సి వచ్చింది. "అవునక్కా."

అక్క చిన్న కత్తెర కిటికీ గట్టు మీద పెట్టింది.

"రేకేమైంది?"

"మిషను కాలి కింద ఉంది."

"ఎవరు పెట్టారు?"

చెల్లెలు నోరు తెరిచింది. నేనే అనబోయింది. అక్క చెయ్యెత్తి ఆపింది.

"వద్దు. నేనే అయి ఉంటాను. నీకంత తెలివేదీ." ఆ మాటలో పాత ఎత్తిపొడుపు ఉంది కానీ, కింద బలం లేదు.

బొంత మంచం మీద పెట్టి లేచింది. మోకాళ్ళ మీద వంగి, మిషను ఓ పక్కకి ఎత్తి, రేకు బయటికి లాగింది. బల్ల మీద పెట్టి మడతలు విప్పింది. బొటనవేళ్ళతో అదిమి సాపు చేయబోయింది. మడత దగ్గర రేకు పుటుక్కున రెండైంది.

రెండు ముక్కలూ సొరుగులో వేసింది. తర్వాత పెద్ద కత్తెర తీసుకుని, బల్ల మీదుగా, చెల్లెలి వైపుకి జరిపింది. పిడి ఆమె వైపు ఉండేలా తిప్పి మరీ జరిపింది. సుద్ద ముక్క జరిపింది. ఇనప బద్ద జరిపింది. తన వైపు బల్ల ఖాళీ అయ్యాక అరచేత్తో ఓసారి తుడిచింది.

"ఆ ప్లాస్టిక్‌ది ఎక్కడ దాచావో తెచ్చుకో. దాక్కుని కోసే ఖర్మేంటి," అంది. "రేపట్నుంచి నేనేం చెయ్యాలే?" అని అడిగింది.

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎప్పుడూ చెల్లెలే అడిగేది. జవాబు ఎప్పుడూ అటువైపు నుంచే వచ్చేది.

చెల్లెలు ఏదో ఒక పాత గుడ్డ తీసి పాదం కింద పెట్టి కుట్టింది. మిషను మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. టకటకమని కాలు నేలకి కొట్టుకుంటోంది. దాని కింద ఏమైనా పెట్టాలని ఇద్దరికీ తెలుసు. ఎవరూ లేవలేదు.