ఎడమ డొక్క మీది రఫ్పు

నేను ఒక ఉన్ని స్వెట్టర్ని. పుట్టింది మాత్రం చలంటే ఏమిటో ఎరగని ఊళ్లో. నరసాపురం పక్కన లేసు అల్లే ఆడవాళ్లు చెమటలు తుడుచుకుంటూ నన్నూ, నాలాంటివాటినీ అల్లారు.

మా నమూనా అమెరికాలో వందేళ్ల కిందటి బేస్‌బాల్ ఆటగాడి స్వెట్టర్. మందపాటి మెడపట్టీ, రొమ్ము మీద పెద్ద అక్షరం. చూడ్డానికి పాతగా ఉండే కొత్తవి అక్కడివాళ్లకు కావాలట. మనుషుల ముచ్చట్లు అలాగే ఉంటాయి. ఆర్డరు తెచ్చిన వీర్రాజు నమూనాను అరుగు మీద పరిచి, పోగు కూడా తేడా రాకూడదని చెప్పిపోయాడు. దానికి ఎడమ డొక్క మీద చిరుగు, చిరుగుకు నల్లదారంతో రఫ్పు. చెప్పిన మాట జవదాటనివాళ్లు కదా, మా అందరికీ అక్కడ చిల్లు వదిలి మరీ నల్లదారంతో పూడ్చారు.

నన్ను అల్లింది దీవెనమ్మ. తక్కినవి అప్పటికే ఓడెక్కాయి. అల్లిక సరిచూడటానికి ఆ వీధిలో దిండుకు తొడుగుతారు. ఆ పూట ఆమె దిండ్లు ఎండలో ఉన్నాయి. అన్నానికొచ్చిన మొగుణ్ణి పిలిచింది.

"నన్నేమన్నా ఊటీ పంపుతున్నావేంటే?" అన్నాడు ఏసుపాదం.

"పంపుతాను గానీ, ముందు సేతులెత్తయ్యా."

నవ్వుతూనే దూరాడు. ఆ నవ్వు మెడపట్టీ దాటి బయటికి రాలేదు. చేతులు రెండూ వాటంతటవే ముందుకొచ్చి దోసిలి పట్టాయి. ఏనాడూ బంతి ముట్టినవాడు కాదు. కళ్లు గోడ అవతలికి చూస్తున్నాయి.

"ఎవడో ఇసురుతున్నాడే," అన్నాడు మెల్లిగా.

అంతలోనే ఎడమ డొక్క పట్టుకుని వంగిపోయాడు. ఊపిరి లోపలికి పోవడం లేదు. దీవెనమ్మ నన్ను లాగింది. నేను రాలేదు. పట్టుకున్నది నేను కాదు. అతని పెదాలు నల్లబడుతుంటే, ఆమె కత్తెర అందుకుని ఆ రఫ్పును పటపటా కోసేసింది. చిల్లులోంచే గాలి అందినట్టు అతను పెద్దగా ఊపిరి తీశాడు.

మళ్లీ రఫ్పు చేస్తేగానీ తీసుకోనన్నాడు వీర్రాజు. ఆ స్వెట్టర్ ఎవరిదని ఆమె అడిగింది. డొక్కలో బంతి తగిలి, ఊపిరాడక అక్కడే గోళ్లతో చించుకుని ప్రాణం విడిచినవాడిదట. ఆ కథ వల్లే అంత గిరాకీ అని కూడా చెప్పాడు.

"మరి ఓడెక్కినియ్యో?" అంది దీవెనమ్మ.

వీర్రాజు నమూనాను చుట్టబెట్టుకుని వెళ్లిపోయాడు. ఆమె సూది ముట్టలేదు.

ఇప్పుడు నేను వాళ్ల చేలో దిష్టిబొమ్మ మీద ఉన్నాను. పిట్టలు రావు. ఏసుపాదం నా చేతుల్లో గడ్డి కూరి అడ్డకర్రకు బిగించి కడతాడు. పొద్దున్నే వచ్చేసరికి అవి ముందుకొచ్చి దోసిలి పట్టి ఉంటాయి. ఏమీ అనడు. వెనక్కి తీసి మళ్లీ కడతాడు. నా ఎదుట మాత్రం నిలబడడు. బంతి వచ్చే దారి అది.