ఈశాన్యంలో దిగిన గొట్టం

నేను ఒక గొట్టాన్ని. ఉక్కు గొట్టాన్ని. లోపల బోలు. కింద మొన, మొన పైన చిల్లులు, చిల్లులకు సన్నటి జల్లెడ. సమ్మెటతో నెత్తిన కొడితే భూమిలోకి దిగుతాను. దిగి, అక్కడి మట్టి కొంత, నీళ్లు కొంత, గాలి కొంత పైకి తెస్తాను. భూమిలో గాలేమిటని నవ్వకండి. ఉంటుంది. మట్టి సందుల్లో నక్కి కూర్చుంటుంది. పైన మీరు ఏది పారబోస్తే ఆ కంపు పట్టుకుని కూర్చుంటుంది.

నా బతుకు కన్నా చీపురు బతుకు నయం. చీపురు చెత్తను అవతలికి తోస్తుంది. నేను నోట్లో పెట్టుకోవాలి.

పుట్టింది బెజవాడ ఆటోనగర్లో. నన్ను చేసిన లేతు మేస్త్రి నూకరాజు పనిమంతుడే, కాదనను. అయితే ఆయన బుగ్గలో ఎప్పుడూ ఖైనీ ఉండేది. అతుకుల దగ్గర గాలి పోతోందేమో చూడాలి కదా. దానికి పంపు ఉంది. పంపు దాకా లేచి వెళ్లడం ఎందుకని నా చిల్లులకు గుడ్డ చుట్టి, తొట్టిలో ముంచి, పై కొస నోట్లో పెట్టుకుని ఊదాడు. నేను పుట్టి పీల్చిన మొదటి గాలి అది.

తర్వాత ఒక సర్కారు ఆఫీసు వాళ్లు కొన్నారు. మార్చి నెలాఖరు. ఆ రోజుల్లో ఆఫీసులు ఏం కొంటాయో ఆఫీసులకే తెలియదు. స్టోరు గదిలో మూలన నిలబెట్టారు. అటెండరు పెంటయ్య నన్ను రెండు మేకుల మీద అడ్డంగా పడుకోబెట్టి తువ్వాలు ఆరేసుకున్నాడు. అదీ బాగానే ఉండేది. ఒకనాడు ఆఫీసర్ల పాయిఖానా తూము పూడుకుపోయింది. నన్నే తీసుకుపోయి పొడిచారు. భూమి కడుపులో ఏముందో చెప్పడానికి పుట్టినదాన్ని. ముందుగా ఆఫీసు కడుపులో ఏముందో తెలుసుకున్నాను.

ఆ పైన వేలంపాటలో వీరభద్రం చేతికి వచ్చాను. ఆయనకు ఒక జీపు, ఒక సంచీ నిండా సీసాలు, సమ్మెట కొట్టడానికి యేసోబు అనే మనిషి ఉన్నారు. నేల పరీక్ష, నీటి పరీక్ష ఆయన వ్యాపారం. ఎవరు భోజనం పెడితే వాళ్లు చూపించిన చోట నన్ను గుచ్చడం ఆయన పద్ధతి. ఒకసారి రంగుల ఫ్యాక్టరీకి తీసుకుపోయారు. ఫ్యాక్టరీ వెనక కాలవ ఎర్రగా పారుతోంది. నన్ను మాత్రం గేటు దగ్గర, తోటమాలి పొద్దునా సాయంత్రం నీళ్లు పోసే గులాబీ మడిలో దింపారు. అంతటితో ఊరుకున్నాడా, సీసాలు క్యాంటీను కుళాయి దగ్గర పట్టుకున్నాడు. నేను అబద్ధం చెబుతానని అనుమానం కాదు ఆయనకు. నిజం చెబుతానని భయం.

థూ అందామంటే నాకు ఉమ్మి లేదు.

ఇక ఈదులపాలెం అడ్డరోడ్డు సంగతి. అక్కడ పున్నయ్య పెట్రోలు బంకు ఉంది. బంకు ప్రహరీకి ఆనుకుని, అవతల పేరమ్మ ఇల్లు. పేరమ్మ గోలీ సోడాలు కొట్టి అమ్ముతుంది. మొగుడు పోయాక ఆ సోడా మరే ఆమెకు మొగుడూ కొడుకూ. పెరట్లో బావి. ఆ బావి నీళ్లు తియ్యగా ఉంటాయని, అందుకే పేరమ్మ సోడాకు ఆ రుచి అని ఒంగోలు బస్సుల డ్రైవర్లు సైతం ఆపి తాగేవాళ్లు.

అలాంటి సోడాకు కంపు పట్టుకుంది. ముందు కొంచెంగా, ఆ తర్వాత గుప్పుమని. సీసాలు కిరసనాయిలుతో కడుగుతోందని ఎవరో అన్నారు. ఎవరో అన్నది అందరూ అన్నారు. బస్సులు ఆగడం మానేశాయి. నీ బంకు ట్యాంకు కారి నా బావిలోకి దిగుతోందని పేరమ్మ పున్నయ్యను అడిగింది. "నాది ఇనప ట్యాంకమ్మా, చుక్క పోదు. నీ చెయ్యి శుభ్రం చూసుకో ముందు" అన్నాడాయన. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి పరీక్ష చేయించే ఉత్తర్వు తెచ్చింది. ట్యాంకు కారుతోందని తేలితే బంకు మూసి తవ్వాలి. తేలకపోతే పేరమ్మ చెయ్యే మురికిదని తేలినట్టు. ఇంకెవరూ ఆమె చేతి సోడా తాగరు.

పరీక్షకు వీరభద్రం వచ్చాడు. పున్నయ్య ఇంట్లో కోడికూర తిన్నాడు.

తిని, తేన్చి, రోడ్డు వైపు నైరుతి మూల చూపించాడు. అక్కడ నేల మెరక. ట్యాంకుకు ఎగువన ఉంది. పెట్రోలు ఎగువకు ఎక్కదు కదా. యేసోబు నన్ను అక్కడ నిలబెట్టి సమ్మెట ఎత్తాడు.

"ఆగరా!" అని పున్నయ్య అరిచాడు. "నైరుతిలోనా? నీకు బుర్రుందా భద్రం? నైరుతిలో గుంట తీస్తే యజమాని లేస్తాడా?"

"గుంట కాదండీ. వేలెడు బొక్క."

"వేలెడైనా మూరెడైనా బొక్క బొక్కే. గుంటనేది ఈశాన్యంలో ఉండాల. ఈ బంకు కట్టేటప్పుడు సిద్ధాంతిని పిలిపించి, మట్టి తోలించి, నేలంతా ఈశాన్యానికి వాలు పోయించా తెల్సా? చుక్క నీళ్లు పోసినా ఆ మూలకే పోతయ్."

వీరభద్రం ఆయన చెవి దగ్గరకు చేరాడు. "ఆ మూల బావి పక్కనండీ. ఆలోచించండి."

"ఆలోచించేదేంది? నా ట్యాంకు కారట్లా అని చెప్తన్నాగా!"

ఒకటే అబద్ధం పదే పదే చెబితే ఊరికన్నా ముందు చెప్పినవాడు నమ్ముతాడు. పున్నయ్య నిజంగానే నమ్మేశాడు. వీరభద్రం భుజాలు ఎగరేశాడు. ఎక్కడ గుచ్చితే ఏం, సీసా తన చేతిలోనే ఉంది.

ఈశాన్యంలో దిగాను. అబ్బ! పాయిఖానా తూము చూశాను గాని ఇది వేరు. పైన రెండడుగులు మట్టి మట్టిగానే ఉంది. ఆ కింద నల్లగా జిగటగా, నూనెలో నానబెట్టిన పిండిలాగా ఉంది. వానపాము లేదు, వేరు లేదు. ఉన్న వేర్లు కుళ్లి నా జల్లెడకు అతుక్కున్నాయి. ఇంకా కిందికి కొడితే నీళ్లు తగిలాయి. నీళ్ల మీద పెట్రోలు మీగడ కట్టింది. దాని ఆవిరి నా కడుపు నిండి పైకి తన్నుకొచ్చింది. ప్రహరీ అవతల బండ మీదికెక్కి పేరమ్మ చూస్తోంది. గట్టిగా కొట్టమని యేసోబుకు చేత్తో సైగ చేస్తోంది.

పున్నయ్య కొబ్బరికాయ కొట్టాడు. నాకు పసుపు రాశాడు. పళ్లెంలో కర్పూరం వెలిగించాడు.

"అయ్యా, బంకులో నిప్పు..." అన్నాడు యేసోబు.

"శుక్రవారం శుక్రవారం పంపులకు హారతిచ్చేవోణ్ణి, నాకు చెప్తన్నావా?"

హారతి నా నోటి దగ్గరకు తెచ్చాడు. బుస్సుమంది. మూరెడు మంట, అడుగున నీలం, పైన పసుపు. పున్నయ్య కనుబొమలు మాయమయ్యాయి. పళ్లెం ఎటో ఎగిరింది. వీరభద్రం జీపు వెనక్కి దూకాడు. యేసోబు తడిగోనె తెచ్చి కప్పుదామని పరుగెత్తాడు.

"చూశారా!" అని పేరమ్మ గోడ మీద నుంచి కేక పెట్టింది. "నా సీసాల్లో కంపు యాడిదో చూశారా అయ్యల్లారా!"

ఆ కేక గాల్లో ఉండగానే పున్నయ్య నా ముందు సాష్టాంగపడ్డాడు. "అమ్మా! జ్వాలమ్మ తల్లీ! నా బంకులో వెలిశావా అమ్మా!"

భయంతో పడ్డాడో, తెలివితో పడ్డాడో నేను చెప్పలేను. పడినప్పుడు భయమే అయి ఉంటుంది. లేచేటప్పటికి తెలివి వచ్చేసింది. పెట్రోలు పోయించుకోవడానికి ఆగినవాళ్లు చెప్పులు విడిచారు. ఒకావిడ తలలోని పూలు తీసి నాకు చుట్టింది. వీరభద్రం జీపు వెనక నుంచి చేతులు జోడించుకుంటూ వచ్చి, "మంచి ఆలోచనండీ" అన్నాడు, పెదవులు కదపకుండా.

నన్ను పీకలేదు. అమ్మవారిని పీకుతారా? చుట్టూ పందిరి వేశారు, పక్కన హుండీ పెట్టారు. మంట ఆరిపోతే మళ్లీ అంటించేవాళ్లు. నా కడుపులో మండేది బంకులోంచి కారిన పెట్రోలు. దానికి దండం పెట్టి, పంపు దగ్గరకు పోయి, బండ్లలో అదే పోయించుకుని వెళ్లేవాళ్లు. సీసాలు వీరభద్రం బంకు కూజాలో నీళ్లతో నింపాడు. నీళ్లు శుభ్రమని తేల్చాడు.

మరి పేరమ్మ బావి కంపు సంగతేమిటి? దానికీ జవాబు దొరికింది. అమ్మవారి పక్కన మురికి చేతులతో సోడా కొడుతోంది కాబట్టి అమ్మకు కోపమొచ్చి బావి చెడిందన్నారు. ఆమెను అక్కడి నుంచి లేపేయాలన్నారు. నిన్నటిదాకా ఆమె సోడా తాగి తేన్చినవాళ్లే. నాకు ఎన్నో కంపులు తెలుసు గాని ఇంత కంపు ఏ మట్టిలోనూ తగల్లేదు.

శుక్రవారం జనం కిటకిటలాడుతున్నారు. ఇంకా హారతి వెలిగించలేదు. పేరమ్మ వచ్చింది. తలారా స్నానం చేసింది. ముఖాన పసుపు, నుదుట రూపాయంత బొట్టు, చేతిలో ఇత్తడి చెంబు. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిందనుకుని దారి ఇచ్చారు.

"పున్నయ్యన్నా, అమ్మ నిజంగానే వెలిసిందంటావా?"

"కళ్లెదురుగా కనబడతంటే ఇంకా అడుగుతావేంది?"

"కాదన్లా. నీ గోడకు నీ వైపు నిప్పుగా వెలిసింది. నా వైపు నీళ్లుగా వెలిసింది. అదే మూల గదా. అయితే ఈ నా బావి నీళ్లు అమ్మ తీర్థమా, కాదా?"

జనం మధ్య నిలబడి కాదని ఎలా అంటాడు? "తీర్థమే" అన్నాడు.

"పట్టన్నా మరి. పూజారివి గదా, ముందు నువ్వు."

అరచేతిలో పోసింది. ఆ నీటి మీద రంగురంగుల తెట్టె తిరుగుతోంది. పున్నయ్య కళ్లకద్దుకున్నాడు. గభాలున నెత్తిన పోసుకోబోయాడు. పేరమ్మ మణికట్టు పట్టుకుంది. సోడా మర తిప్పిన చెయ్యి, వదిలితేగా.

"నెత్తిన తర్వాతన్నా. ముందు నోట్లో. తాగకుండా నెత్తిన పోసుకునే తీర్థం యాడన్నా ఉందా?"

"తాగవయ్యా పున్నయ్యా, అమ్మ తీర్థం" అన్నారు వెనక నుంచి. భక్తితోనే అన్నారు పాపం.

చెయ్యి నోటి దాకా పోయింది. ముక్కు దగ్గర ఆగింది. అందరూ చూస్తున్నారు. కళ్లు మూసుకుని నోట్లోకి పీల్చాడు. పీల్చినవాడు ఓక్ మని వంగి, ఉన్నదంతా అక్కడే కక్కాడు. నా మీదే. అమ్మవారి మీదే.

జనం రెండడుగులు వెనక్కి జరిగారు.

"ఒక్క గుక్క నువ్వు మింగలేకపోయావు" అంది పేరమ్మ. గొంతు పెంచలేదు. "ఏడాది బట్టి ఈ నీళ్లు తాగి, ఈ నీళ్లతో వండుకుని తిన్నా నేను. నేనూ అమ్మకు మొక్కేదాన్నే. అమ్మ కాడ పెట్రోలు కంపు ఉండదన్నా." వీరభద్రం వైపు తిరిగింది. "శుభ్రంగా ఉన్నాయని తేల్చావంట గదయ్యా సారూ. రా, పట్టు."

వీరభద్రం వెనక్కి అడుగేశాడు. కొబ్బరి చిప్పల మీద కాలు జారి కూలబడ్డాడు. చెంబు చేతులు మారింది. ఒకరు వాసన చూసి పక్కవాడికి ఇచ్చారు. ఆగి ఉన్న బస్సు డ్రైవరు చూసి, "ఇది డీజిలు కూడా కాదు, అచ్చం పెట్రోలే" అని తేల్చాడు. నాకు చుట్టిన పూలు ఎవరో లాగేశారు.

ట్యాంకు తవ్వారు. అడుగున తుప్పు తిన్న సన్నటి బొక్క. వాలు పోయించిన నేల పెట్రోలునంతా జాగ్రత్తగా ఈశాన్యానికి చేర్చింది. బంకు మూశారు. బావి ఇక ఎన్నాళ్లకూ బాగుపడదని చెప్పి పూడ్చేశారు. మొదటి తట్ట మన్ను పేరమ్మే వేసింది. మేం అప్పుడే అనుకున్నామన్నారు ఊరివాళ్లు. ఎప్పుడు అనుకున్నారో వాళ్లే చెప్పాలి.

నన్ను పీకడానికి యేసోబు ఒక్కడే వచ్చాడు. ఎండ మండుతోంది. నేను బాగా బిగుసుకుపోయాను. లాగి లాగి చెమటతో తడిసిపోయాడు. పేరమ్మ సోడా తెచ్చింది.

"తాగయ్యా. క్యాను నీళ్లతో కొట్టా. బావివి కాదు."

గోలీ టప్పున లోపలికి దిగింది. యేసోబు మంచివాడు. నీతి తప్పనివాడు. ట్యాంకులో బొక్క కళ్లారా చూసినవాడు. అయినా సీసా నోటి దాకా పోకముందే ముక్కు దగ్గర ఆగింది. వాసన చూశాడు. ఆ తర్వాత తాగాడు. చాలా బాగుందమ్మా అన్నాడు.

పేరమ్మ చూసింది. ఖాళీ సీసా తీసుకుని లోపలికి పోయింది.

ఇప్పుడు పాత ఇనుప కొట్టులో ఉన్నాను. ఇక్కడ ఎవరూ నన్ను ఎక్కడా గుచ్చరు. కొట్టువాడు నా మీది పసుపు చూసి ముందు కళ్లకద్దుకున్నాడు. తర్వాత కుప్ప మీదికి విసిరేశాడు.