కమాను కింద గోడ

మైదా జిగురు ఉండలు కట్టకూడదంటే ముందు చన్నీళ్లతో కలిపి, తర్వాతే వేణ్ణీళ్లు పోయాలి. నేవియో ఎన్నో ఏళ్లుగా అలాగే కలుపుతున్నాడు. వంగితే నడుము పట్టేస్తుంది కాబట్టి బకెట్‌ని గుమ్మం ముందు మెట్టు మీద పెట్టుకుని, పొడుగాటి కర్రతో నెమ్మదిగా తిప్పుతాడు. గోళ్ల చుట్టూ ఎండిన జిగురు తెల్లటి పొలుసుల్లా లేచి ఉంటుంది. రోకాసెల్వాలో సంత ప్రకటనలు, నీళ్లు రాని రోజుల కబుర్లు, అన్నిటికంటే ఎక్కువగా చనిపోయినవాళ్ల నల్లంచు కాగితాలు గోడలకి అంటించేది అతనే.

వంటింట్లో ఎలాదియో రొట్టె కోస్తున్నాడు. స్పెయిన్‌లో బస్సులు బాగుచేసే మెకానిక్కు. ఏభై దాటాక ఉద్యోగం మానేసి, వీపుకి సంచీ తగిలించుకుని, ఇటలీలో ఊరూరా ఎవరో ఒకరి ఇంట్లో పడుకుంటూ తిరుగుతున్నాడు. అతన్ని రమ్మన్నది నేవియో కాదు, భార్య ఇల్దె. ఇలాంటివాళ్లకి వెనకగది ఇచ్చేది ఆవిడే. డబ్బు పుచ్చుకునేది కాదు, వెళ్లేలోగా ఏదో ఒక పని చేసిపెట్టమనేది. ఆమె పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచీ ఆ గది మూసే ఉంది. ఆమె ఎప్పుడో పంపిన పిలుపు పట్టుకుని మొన్న వానలో తలుపు తట్టిన ఎలాదియోకి సంగతి గుమ్మంలోనే తెలిసింది. తడిసిన మనిషిని పొమ్మనలేక నేవియో గది తెరిచాడు. ఇతనితో సరి, ఇంకెవరినీ రానివ్వకూడదని తాళం తీస్తూనే అనుకున్నాడు.

రొట్టెలకొట్టు జెరార్దో వచ్చాడు. నిన్న మధ్యాహ్నం వాళ్లమ్మ ఎర్సీలియా కునుకులోనే పోయింది. ఈ సాయంత్రమే ఖననం. చుట్టచుట్టిన కాగితాలు చేతికిస్తూ, చెప్పుల వైపు చూస్తూ గొంతు తగ్గించాడు.

“కమాను కింద వద్దులే అన్నా. కుళాయి పక్క పొట్టిగోడ మీద పెట్టెయ్. చాలు.”

ఏడాదిగా ఊరంతా అంతే. చర్చికి వెళ్లే ప్రతి ఒక్కరి కళ్లూ పడే చోటు కమాను కింది గోడ. అక్కడ పాత కాగితం మీద కొత్తది అంటించడమే ఆనవాయితీ, ఎవరిదీ చింపరు. కానీ ఇల్దె కాగితం మీద ఇంతవరకూ ఇంకొకటి పడలేదు. ఎందుకని నేవియోని ఎవరూ అడగలేదు. మాట్లాడకుండా తమ చావుకబుర్లని చిన్న గోడలకి మళ్లించుకున్నారు.

ఎలాదియో బకెట్ లాక్కున్నాడు. “ఊరికే తిని పోతే మీ ఆవిడ కలలోకొచ్చి తిడుతుంది. ఇటియ్యి.”

కుళాయి దగ్గరా, పోస్టాఫీసు దగ్గరా అంటించి ఇద్దరూ పైకొచ్చారు. కమాను కింద బల్ల మీద ఎర్సీలియా స్నేహితురాళ్లు ముగ్గురు కూర్చుని ఉన్నారు. అందరిలోకీ పెద్దది వెనాంత్సియా. ఖననం ఎప్పుడని ఆమె నేవియోని అడిగింది. నాలుగింటికన్నాడు.

“నువ్వు కనపడ్డావు గనక తెలిసింది. కుళాయి దాకా మెట్లు దిగే మోకాళ్లు మాకెక్కడివిరా.”

ఆమె నిష్ఠూరంగా అనలేదు. అందుకే అది అతనికి ఎక్కువ తగిలింది. వెనక్కి తిరిగాడు. అప్పటికే ఎలాదియో, గోడ మీది వెలిసిపోయిన కాగితం చూసుకుని, దాని మీద ఈ చివర్నుంచి ఆ చివరికి జిగురు కుంచె లాగేస్తున్నాడు.

“ఆగు” అన్నాడు నేవియో.

ఎండకీ వానకీ టీ రంగుకి తిరిగిన కాగితం తడికి ముదురు రంగెక్కింది. కనపడకుండా పోయిన అక్షరాలు ఒక్కొక్కటే నల్లగా తేలాయి. తర్వాత ఫొటోలోని కళ్లు, ఎడమ బుగ్గ మీది నవ్వు. పేరు చదివి ఎలాదియో కుంచె దించేశాడు. తెలీక చేశానని, తుడిచేస్తానని గొణిగాడు.

“తుడిస్తే చిరుగుతుంది.”

నేవియో చూస్తూ నిలబడ్డాడు. రోజూ ఈ దారినే నడిచాడు, ఆమె ఇంతగా వెలిసిపోయిందని గమనించనే లేదు. ఇప్పుడు మొదటిరోజులా స్పష్టంగా ఉంది. కొండగాలి వీస్తోంది. అంచుల దగ్గర తడి అప్పుడే లాగేస్తోంది.

“జిగురు ఆరిపోతోంది. ఆ కాగితం ఇటియ్యి.”

ఎర్సీలియాని ఆమె మీద పరిచి, అరచేత్తో మధ్యనుంచి అంచులకి గాలి బుడగ లేకుండా నిమిరాడు. చెయ్యి వెంటనే తియ్యలేదు.

“వాళ్లిద్దరికీ పడేది కాదు కదరా” అంది వెనాంత్సియా.

“ఇప్పుడు తీరిగ్గా తేల్చుకుంటారు” అన్నాడు నేవియో.

ముగ్గురూ నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. నాలుగింటికి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చర్చిలో ముందు వరసలో కూర్చున్నారు. జెరార్దో బయటికి వస్తూ నేవియో భుజం మీద చెయ్యి వేశాడు.

సాయంత్రం బస్సుకి ఎలాదియో వెళ్లిపోయాడు. బస్సు తలుపు మూసుకునే ముందు నేవియో దాని మెట్టు దగ్గరికి వెళ్లి, దారిలో ఎవరైనా పడక అడిగితే రోకాసెల్వాలో ఒక గది ఉందని చెప్పమన్నాడు.

“రొట్టె ఉంటుంది. పని మాత్రం చెయ్యాలి.”

ఇంటికొచ్చి దుప్పట్లు తీయడానికి వెనకగదిలోకి వెళ్లాడు. కిటికీ బార్లా తెరిచి ఉంది. ఊచకి ఎలాదియో మర్చిపోయిన ఒంటి మేజోడు, బొటనవేలి దగ్గర ఎర్రదారంతో మొరటుగా కుట్టుకున్నది, ఇంకా తడిగానే గాలికి ఊగుతోంది.