బొగ్గు గీత గుడ్డు

ఆ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేది ముసలమ్మ. మొహమైనా కడుక్కోకుండా పెరట్లోకి పోయి కోళ్ల గూడు తలుపు తీసేది. తవుడు తడిపి గిన్నెలో పెట్టి, గుప్పెడు నూకలు చల్లి, "బా బా బా" అని పిలిచేది. పదకొండు పెట్టలు, ఒక పుంజు. అవి గింజల మీద పడి తన్నుకుంటుంటే ఒక్కోదాన్నే పట్టి, తోక కింద వేలితో తడిమి, ఇవాళ గుడ్డు పెట్టేదేదో, ఎగ్గొట్టేదేదో చెప్పేసేది. ఆ తర్వాత వంటింటి గోడవారగా ఉన్న పొదుగు గంప దగ్గర చతికిలబడి, పొదుగు మీదున్న పెట్ట కిందికి చెయ్యి పోనిచ్చేది. పెట్ట గుర్రుమని ముక్కుతో పొడిచినా లెక్క చేసేది కాదు. గడ్డిలోంచి ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకునేది.

గుడ్డు దగ్గేది. రెండు పొట్టి దగ్గులు, కాస్త ఆగి ఒక పొడుగు దగ్గు.

"ఉన్నాడు," అని ఇంట్లోకి కేకేసేది ముసలమ్మ. అప్పుడు కోడలు పొయ్యి వెలిగించేది.

ఆ దగ్గు ముసలమ్మ కొడుకుది. సిమెంటు గోడౌన్లో బస్తాలు మోసేవాడు. నోరు తెరిచి ఏదన్నా చెప్పాలంటే ముందు అలా మూడుసార్లు దగ్గాల్సిందే. ఏడేళ్ల కిందట ఒక పొద్దున తలకి తువ్వాలు చుట్టుకుని పనికి బయల్దేరాడు, మళ్లీ తిరిగి రాలేదు. ఇంట్లో గొడవ లేదు, బయట పగ లేదు. పనికే రాలేదని గోడౌన్ వాళ్లన్నారు, మా దగ్గర లేడని ఆసుపత్రి వాళ్లన్నారు. ఆ రోజు నల్లపెట్ట పెట్టిన గుడ్డుని ముసలమ్మ ఇంకో తొమ్మిదింటితో కలిపి పొదగేసింది. ఇరవై ఒకటో రోజున తొమ్మిది పిల్లలు దిగాయి. పదోది మురిగిపోయిందనుకుని, పారెయ్యబోయే ముందు చెవి దగ్గర పెట్టి ఊపి చూసింది. అది దగ్గింది.

కన్నతల్లికి కొడుకు దగ్గు తెలియకుండా ఉంటుందా! గుడ్డుని మళ్లీ గడ్డిలో పెట్టేసింది. కొత్త గుడ్లలో కలిసిపోకుండా దాని నడుం చుట్టూ బొగ్గుతో గీత గీసింది. గీత చెరిగినప్పుడల్లా మళ్లీ దిద్దింది. ఒక పెట్టకి పొదుగు తీరి లేచిపోతే ఇంకో పెట్టని కూర్చోబెట్టింది. నల్లపెట్ట పోయింది, దాని కూతురు కూర్చుంది, తర్వాత మనవరాలు కూర్చుంది. గుడ్డు మురగలేదు, పగలలేదు, దగ్గు మానలేదు.

ఒకసారి పిల్లికి బెదిరి పెట్ట పూటంతా గంప ఎక్కలేదు. గుడ్డు చల్లబడింది. మూడు రోజులు దగ్గుకి బదులు ఆయాసం వినిపించింది. ముసలమ్మ అన్నం ముట్టలేదు.

"ఎక్కడో వాడు మంచాన పడ్డాడు. ఈ గుడ్డు పూర్తిగా చల్లారిన రోజున వాడు లేడు," అంది.

ఆ సంగతి వీధిలో అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ కాదనలేదు. కూరగాయల బండి అతను గుమ్మం ముందు ఆగి, "ఏం పెద్దమ్మా, మీవాడికి దగ్గు తగ్గిందా?" అని అడిగి పోయేవాడు. ఏడాదికోసారి ఇంటింటి లెక్కకి వచ్చే గుమాస్తా కూడా కళ్లజోడు సవరించుకుని, గుడ్డు చెవికి ఆనించుకుని, 'ఇంటి యజమాని: ఉన్నాడు' అని రాసుకుని, టీ తాగి వెళ్లేవాడు.

కోడలు మాత్రం ఆ గుడ్డు జోలికి పోయేది కాదు. ముసలమ్మకి అది కొడుకు బతికున్నాడన్న కబురు. కోడలికి అది మొగుడు బతికుండీ రావట్లేదన్న కబురు. పోయినవాడి కోసమైతే ఏడవొచ్చు. ఎక్కడో హాయిగా అన్నం తిని, దగ్గుకుంటూ కూర్చున్నవాణ్ని ఏం చెయ్యాలి? ఆమె ఏడవడానికి తీరిక లేక ఐసు ఫ్యాక్టరీలో చేరింది. అచ్చుల్లోంచి ఐసు దిమ్మలు లాగి, గోనెపట్టా చుట్టి, బండికెత్తే పని. ఏడేళ్లకి ఆమె చేతుల్లో వెచ్చదనం పోయింది. పొయ్యి దగ్గర కూర్చున్నా, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డా అవి చల్లగానే ఉండేవి. ఒకసారి ఆమె గుడ్డు పట్టుకుంటే లోపల దగ్గు వణికింది.

"నువ్వు ముట్టుకోకమ్మా, నీ చేతుల్లో మంచుంది," అంది ముసలమ్మ.

ఆ మంచు ఎవరి కంచంలో మెతుకుల కోసం పట్టిందో ఆవిడ అడగలేదు, ఈమె చెప్పలేదు.

కోడలికి ఉన్న ఆశల్లా కూతురు. పదిహేడేళ్ల పిల్ల. చిన్నప్పట్నుంచీ కోడిపిల్లల కాళ్లకి పుల్లలు కట్టి అతికించేది. దానికి నర్సింగు బడిలో సీటొచ్చింది. వేరే ఊళ్లో హాస్టలు, మూడేళ్ల చదువు. ఆ కాగితం వచ్చిన రోజు కోడలు దాన్ని నాలుగుసార్లు చదివించుకుంది. తన కూతురు ఐసు మొయ్యదు. ఆ ఒక్క ముక్క తలుచుకుంటే చాలు, ఫ్యాక్టరీలో దిమ్మలు తేలికగా లేచేవి.

అప్పుడు వచ్చింది తెగులు. నిన్న నూకలు తిన్న కోడి ఇవాళ మెడ వంకర తిరిగి కూలబడింది. రెండు రోజులకి గూట్లో నాలుగు మిగిలాయి, వారానికి ఒక్కటి. మునిసిపాలిటీ వాళ్లు ముక్కుకి గుడ్డలు కట్టుకుని వచ్చి, వీధి కోళ్లన్నిటినీ సంచుల్లో వేసుకెళ్లి సున్నం పోసి పూడ్చారు. ఏడాది దాకా ఆ చుట్టుపక్కల ఎవరూ నాటుకోడిని తేకూడదన్నారు. పొదుగు మీదున్న పెట్ట మాత్రం చివరిదాకా గంప దిగలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. దాని ఒళ్లు చల్లారేలోపే ముసలమ్మ గుడ్డు తీసి చంకలో పెట్టుకుంది.

ఫారం కోళ్లని తెచ్చి చూశారు. వాటికి గుడ్డు పెట్టడమే తెలుసు, పొదగడం తెలీదు. పెట్టి, అటు తిరిగి, అది తనది కానట్టు నడిచిపోతాయి. ఫారం దగ్గర గుడ్లు పొదిగే మిషను చూసుకునే అతను మంచివాడే, ఒక అరలో గుడ్డుకి చోటిచ్చాడు. అరగంటకి అతనే పరిగెత్తుకొచ్చి, "పెద్దమ్మా, మీవాడికి ఇక్కడ ఊపిరాడట్లేదు, తీసుకుపొండి," అన్నాడు.

మూడు నెలలు ముసలమ్మే కోడైంది. ఎడమ చంకలో గుడ్డు, కుడి చేత్తో తిండి. స్నానానికి వెళ్తే ఆ పది నిమిషాలు మనవరాలు పట్టుకునేది. పక్కకి తిరిగి పడుకోవడం మానేసింది. పొదిగే పెట్టలాగే చిక్కిపోయింది. ఒకరోజు కాళ్ల దగ్గర్నుంచి చల్లబడటం మొదలైంది. చల్లదనం మోకాళ్లు దాటి నడుం దాకా వచ్చాక మనవరాల్ని పిలిచింది.

"నీ ఒళ్లు వెచ్చగా ఉంటుంది తల్లీ. పట్టుకో. కింద పెట్టనని చెప్పు."

"దానికి చదువుంది అత్తయ్యా," అంది కోడలు.

"చదువు మళ్లీ వస్తుంది. తండ్రి మళ్లీ వస్తాడా?"

"ఈ తండ్రి ఏడేళ్ల నుంచి రానేలేదు కదా!"

ముసలమ్మ గుడ్డుని మనవరాలి వైపు చాపింది. పిల్ల గుడ్డు అందుకుని చంకలో పెట్టుకుంది. సాయంత్రానికి ముసలమ్మ పోయింది.

హాస్టలు వాళ్ల కాగితంలో వెంట తేకూడని వస్తువుల పట్టీ ఉంది. కరెంటు పొయ్యి, పెంపుడు జంతువులు, పొదుగులో ఉన్న గుడ్లు. చేరడానికి ఆఖరి గడువు సోమవారం. గురువారం కోడలు పని నుంచి వచ్చేసరికి పిల్ల పెట్టెలోంచి బట్టలు తీసి మళ్లీ బీరువాలో సర్దుతోంది, ఒంటి చేత్తో.

"నేను పోనమ్మా."

కోడలికి ఒళ్లు మండిపోయింది. "ఎందుకు పోవు? నాయనమ్మకి మాటిచ్చావనా? పోయినావిడ వచ్చి అడుగుతుందా?"

"అందుకు కాదు."

"మరి నాన్న మీద ప్రేమా? ఆయన మొహం గుర్తుందా నీకసలు?"

"సరిగ్గా గుర్తులేదు."

"మరేంటే నీ ఏడుపు?"

పిల్ల గుడ్డు తీసి తల్లి చెవి దగ్గర పట్టుకుంది. "నిన్నట్నుంచీ వినిపిస్తోంది. విను."

రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు. ఏడేళ్లుగా విన్నదే. ఆ తర్వాత, గదిలో ఇంకో మూల నుంచి వచ్చినట్టు, సన్నటి గొంతు.

"నాన్నా, నా రెండో చెప్పు కనబడట్లేదు. బడికి టైమవుతోంది."

కోడలు మంచం మీద కూర్చుండిపోయింది. బడికి వెళ్లే పిల్లంటే అయిదారేళ్లుంటాయి. అంటే వెళ్లిన ఏడాదికే. తను ఈ ఇంట్లో అతని తల్లికి అన్నం పెట్టడానికి ఐసు మోస్తుంటే, తన మొగుడు అక్కడ చెప్పులు వెతికిపెడుతున్నాడు. ఆ క్షణంలో గుడ్డు తన చేతిలో ఉంటే గోడకేసి కొట్టేసేది. కూతురికి ఆ సంగతి తెలిసినట్టుంది, గుడ్డుని వెనక్కి లాక్కుంది.

"ఆ పిల్ల ఏం చేసిందమ్మా?" అంది.

"నువ్వేం చేశావు మరి?" అంది కోడలు.

పిల్ల గుడ్డుని మళ్లీ చంకలో పెట్టుకుంది. గుడ్డు మళ్లీ దగ్గింది.

శనివారం కోడలు సెలవు పెట్టి ఎటో వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె చంకలో ఎర్ర ఈకల కోడి ఉంది. "నాటుదే. అవతలి ఊళ్లో దొంగచాటుగా పెంచుతున్నారు. పొదుగుకొచ్చి ఉంది, మన అదృష్టం," అంది. ఎండుగడ్డి పరిచి గంప సిద్ధం చేసి, కోడిని కూర్చోబెట్టి, పిల్ల దగ్గర గుడ్డు తీసుకుని దాని కింద పెట్టింది. కోడి కదలకుండా కూర్చుంది. సోమవారం పొద్దున దాకా అప్పుడప్పుడు పిల్ల చూడకుండా గుడ్డు పక్కన వేడినీళ్ల సీసా పెట్టి, గడ్డి కప్పింది.

సోమవారం పెట్టె చేతపట్టుకున్నాక పిల్ల గంప దగ్గర వంగి, కోడి కిందికి చెయ్యి పోనిచ్చింది. పొదుగుకొచ్చిన పెట్టకి రొమ్ము మీద ఈకలు ఊడిపోయి ఒళ్లు పెనంలా కాలుతుంది. దీనికి ఈకలన్నీ నిండుగా ఉన్నాయి. గడ్డిలో దాని కాళ్లని గంపకి కట్టిన దారం కూడా పిల్ల వేళ్లకి తగిలింది. కోళ్ల మధ్య పుట్టి పెరిగిన పిల్ల అది.

తలెత్తి తల్లి వైపు చూసింది. తల్లి గచ్చు వైపు చూస్తోంది.

"బాగా కూర్చుందమ్మా," అంది పిల్ల.

"నే చెప్పాగా! పద, బస్సు దొరకదు," అంది తల్లి.

బస్సు కదిలే దాకా ఇద్దరూ కోడి గురించే మాట్లాడుకున్నారు. నీళ్లు ఎక్కడ పెట్టాలి, రోజుకెంతసేపు దింపాలి. బస్సు మలుపు తిరిగాక కోడలు ఇంటికొచ్చి దారం కోసేసింది. ఫారం కోడి రెక్కలు దులుపుకుని, గంప దిగి, గుడ్డు వైపు చూడనైనా చూడకుండా పెరట్లోకి పోయింది.

ఆమె గుడ్డు చేతుల్లోకి తీసుకుంది. ఆమె ప్రయత్నించలేదని ఎవరూ అనడానికి లేదు. సీసాలో నీళ్లు మార్చి మార్చి కాచింది. పొయ్యి ముందు కూర్చుని అరచేతులు ఎర్రబడే దాకా కాచుకుంది. గుడ్డుని పొత్తికడుపుకి ఆనించుకుని, పైన రెండు దుప్పట్లు చుట్టుకుంది. ఎంత వేడి తెచ్చినా ఆమె ఒంటికి తగలగానే చల్లారిపోతోంది. మధ్యాహ్నానికి దగ్గు ఆయాసమైంది. మూడింటికి ఆ ఆయాసం కూడా ఎడమెడంగా వచ్చింది. "పోతున్నావా?" అని అడిగింది ఆమె. అతనితో అంత మెత్తగా మాట్లాడి ఏడేళ్లయింది. దీపాలు పెట్టే వేళకి గుడ్డు చప్పుడు ఆగిపోయింది.

ఆమెకి ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. కాసేపు అలాగే కూర్చుని, లేచి, గుడ్డుని పెరట్లో పాతుదామని పార తీసింది.

"నాన్నా," అంది గుడ్డు లోపలి సన్నటి గొంతు.

ఆమె ఆగిపోయింది.

"నాన్నా, నిద్రపోయావా? చెప్పు దొరికింది. ఇదిగో చూడు."

ఎవరూ పలకలేదు.

"నాన్నా? ... నాన్నా, లే. నాన్నా!"

గొంతు పెద్దదవుతోంది. ఇంకో నిమిషంలో ఆ గొంతు ఎలా మారుతుందో కోడలికి తెలుసు. ఏడేళ్ల కిందట ఈ గుమ్మంలో నిలబడి తన కూతురు అలాగే పిలిచింది. ఆమె పార కింద పడేసి, గుడ్డుని పెదాల దగ్గరికి తెచ్చుకుని దగ్గింది. రెండు పొట్టి దగ్గులు, కాస్త ఆగి ఒక పొడుగు దగ్గు. రోజూ విన్నదే కాబట్టి అచ్చం అలాగే వచ్చింది.

లోపల పిలుపు ఆగింది. తర్వాత ఒక నవ్వు.

"మంచం కిందే ఉంది నాన్నా, నువ్వు సరిగ్గా చూళ్లేదు."

అక్కడ ఆ మంచం మీద ఏముందో, ఆ పిల్ల ఎవరి వైపు చూసి నవ్వుతోందో ఆమె ఆలోచించదలుచుకోలేదు. పొయ్యిలోంచి బొగ్గు తీసి, చెరిగిపోయిన గీతని గుడ్డు చుట్టూ మళ్లీ దిద్దింది.

ఇప్పుడు గుడ్డుకి వెచ్చదనంతో పనిలేదు. అందుకని ఆమె దాన్ని టిఫిను డబ్బాలో గుడ్డ పీలిక చుట్టి ఐసు ఫ్యాక్టరీకే తీసుకెళ్తుంది. పొద్దున బడివేళకి ఒకసారి, సాయంత్రం బడి వదిలే వేళకి ఒకసారి ఐసు దిమ్మల చాటుకి పోయి దగ్గి వస్తుంది. ఒంట్లో బాగాలేదా అని తోటివాళ్లు అడిగితే, మా ఆయనకి, అంటుంది. ఈ ఏడు గుమాస్తా వచ్చినప్పుడు గుడ్డు చెవికి ఆనించుకున్నాడు. ఆమె వంటింట్లోకి పోయి దగ్గింది. 'ఉన్నాడు' అని రాసుకుని టీ తాగి వెళ్లాడు.

ఆదివారాలు కూతురు ఫోను చేస్తుంది. సూది ఎలా వెయ్యాలో నేర్పారనీ, తన చెయ్యి తేలికని మెచ్చుకున్నారనీ చెప్పి, ఆఖర్న అడుగుతుంది.

"కోడి కూర్చుంటోందామ్మా?"

"కూర్చుంటోంది."

"నాన్న?"

కోడలు ఫోను కాస్త దూరంగా పట్టుకుని, రెండు పొట్టి దగ్గులు, కాస్త ఆగి ఒక పొడుగు దగ్గు దగ్గుతుంది. అవతల పిల్ల ఆ దగ్గు ఆఖరిదాకా వింటుంది. తర్వాత, "సరేనమ్మా, చేతులు జాగ్రత్త," అని పెట్టేస్తుంది.