పన్నెండు ఫొటోల కొంగ

ఏటి నీళ్లు కొలతకర్ర మీది ఎర్రగీత కంటే కిందికి దిగితే రంగుల మిల్లు ఏటిలోంచి నీళ్లు తోడే తన పంపు ఆపెయ్యాలి. ప్రాంతీయ మండలి ఇచ్చిన అనుమతిలో షరతు అది. గీత మునిగే ఉందని చూపించడానికి మిల్లు నెలనెలా ఆ కర్రకు ఫొటో తీసి పంపాలి. దిగువ చేలు నెర్రెలు విచ్చి, రైతులు మండలిని దుమ్మెత్తిపోశాకగానీ తనిఖీ అధికారిణికి ఆ ఫొటోలు గుర్తు రాలేదు. ఫైలు తిరగేసేసరికి ఒళ్లు మండిపోయింది. నేరుగా మిల్లుకొచ్చి, పన్నెండు ఫొటోలనూ యజమాని బల్ల మీద విసిరికొట్టింది.

“ప్రతి నెలా కర్ర పక్కన అదే కొంగ, అదే ఒంటికాలు! ఏడాదిగా ఇక్కడే జపం చేస్తోందా? ఒక్క ఫొటోనే తిప్పితిప్పి పంపి మా చెవుల్లో పూలు పెడతారా? ముందు ఆ పంపు ఆపండి!”

“ఆపిస్తాను. తమరు కూర్చోండి.”

యజమాని తాపీగా ఫొటోలను ఒక్కొక్కటే వెనక్కి తిప్పాడు. అన్నిటి వెనకా ‘పరిశీలించాను, సరిగా ఉంది’ అన్న మండలి ముద్ర, దాని కింద ఆమె సంతకం.

“ఆ కొంగని నేను ఒక్కసారే చూశానండీ,” అన్నాడు. “తమరు పన్నెండుసార్లు చూశారు.”